నడి కొక్కెం మీద ఒక్క సెకను

(అనంతపురంలో వ్యాయామ ఉపాధ్యాయులు, ఆటలాడే పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రుల ముందు ఒక కోచ్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరూ కుడిచెయ్యి ముందుకు బారుగా చాపి, బొటనవేలు పైకెత్తండి. వెనక కూర్చున్న సార్లు, మేడంలు కూడా. ఇది పిల్లలకు మాత్రమే కాదు. ఆ గోటి మీద చూపు పెట్టండి. పెట్టారా? ఇప్పుడు చూపు అక్కణ్ణుంచి తీయకుండా, నా వెనక కట్టిన బ్యానర్‌లో రెండో వరుస చదవండి.

రావడం లేదు కదా. బ్యానర్ ఉందని తెలుస్తోంది. రంగు తెలుస్తోంది. అక్షరాలున్నాయని కూడా తెలుస్తోంది. చదవడానికి మాత్రం కుదరదు. మన కంటికి నిక్కచ్చిగా కనిపించే మేర అంతే. చెయ్యి చాపి పట్టుకున్న బొటనవేలి గోరు ఎంత జాగా మూస్తుందో దాదాపు అంత. కొలతల్లో చెప్పాలంటే సుమారు 2 డిగ్రీలు. దాని చుట్టూ ఉన్నదంతా పోను పోను మసకే.

మరి లోకమంతా తేటగా కనబడుతున్నట్టు ఎందుకుంటుందంటే, కన్ను ఒకచోట ఊరుకోదు. సెకనుకు మూడుసార్ల దాకా ఇక్కణ్ణుంచి అక్కడికి గెంతుతుంది. ఆ గెంతే క్షణంలో మనకు ఏమీ కనిపించదు. మెదడు ఆ సందును మనకు తెలియకుండా మూసేస్తుంది. ఇంటికి పోయినాక అద్దం ముందు నిలబడి, అద్దంలోని మీ ఎడమకన్ను మీంచి కుడికన్ను మీదికి చూపు మార్చి చూడండి. మీ కళ్ళు కదలడం మీకు కనబడనే కనబడదు. పక్కన నిలబడిన మీ అమ్మకు కనబడుతుంది.

కోచ్‌లకు దీనితో ఏం పని అంటారేమో. చెప్తాను. బాస్కెట్‌బాల్‌లో ఫ్రీ త్రో అని ఉంటుంది, ఎవరూ అడ్డం రాకుండా ఒక గీత దగ్గర నిలబడి రింగ్‌లోకి బంతి వేయడం. పాప ఆ ఫ్రీ త్రో లైన్ దగ్గర నిలబడి రింగ్ వైపు తలెత్తింది కాబట్టి రింగ్‌నే చూస్తోందని మనం అనుకుంటాం. తల అటే ఉంటుంది. చూపు మాత్రం ఆ రెండు సెకన్లలో రింగ్ మీదికి, అక్కణ్ణుంచి దాని వెనక బోర్డు మీదికి, పక్కన గీత మీద నిలబడ్డ ఎదుటి జట్టు పిల్ల మీదికి, చేతిలో బంతి మీదికి పోయి మళ్ళీ రింగ్‌కు వచ్చి ఉండొచ్చు. గెంతినప్పుడల్లా కొంత చూపు వృథా అవుతుంది. మనం పక్కనుంచి “చూసి వేయమ్మా” అని అరుస్తాం. ఎక్కడ చూడాలో చెప్పం. ఎప్పటి నుంచి చూడాలో, ఎంతసేపు చూడాలో అసలే చెప్పం. మోచెయ్యి ఎక్కడుండాలి, మోకాలు ఎంత వంగాలి, మణికట్టు ఎట్లా వంచి వదలాలి అని నెలల తరబడి నేర్పిస్తాం. కంటికి మాత్రం ఒక్క పాఠం పెట్టం. ఈ పూట నేను మాట్లాడేది ఆ పెట్టని పాఠం గురించే.

నేను ఈ జిల్లాలో 26 ఏళ్ళు వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేశాను. బాస్కెట్‌బాల్ నేర్పాను. ఈ సంగతి తెలియక నేను చేసిన తప్పు ఒకటి ముందు చెప్పాలి. అప్పటికి నా సర్వీసు ఎనిమిదో ఏడో, తొమ్మిదో ఏడో. అంతర పాఠశాలల ఫైనల్. ఆషాఢం గాలి, కోర్టంతా ఎర్ర దుమ్ము. ఆట అయిపోవడానికి సెకన్లే ఉన్నాయి, మేం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం, మా పాపకు రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. ప్రాక్టీసులో పదేస్తే ఏడు వేసే పాప. మొదటిది రింగ్ ముందంచుకు తగిలి కింద పడింది. రెండోది రింగ్‌ను తాకలేదు కూడా. నేను అందరి ముందూ తిట్టాను. “చెయ్యి పూర్తిగా చాపలేదు, చూడకుండా వేశావు” అన్నాను. ఆ పాప తలొంచుకుని ఒక్క మాట అంది: “చూసే ఏసినా మేడం.” మరుసటి వారం నుంచి గ్రౌండ్‌కు రాలేదు. ఇంటికి పోయి పిలిచినా రాలేదు.

చాలా ఏళ్ళకు ఆ రోజు ఎవరో తల్లిదండ్రులు తీసిన వీడియో నా దగ్గరికి వచ్చింది. బోర్డు కింద నుంచి తీసింది. పాప మొహం నేరుగా కనబడుతోంది. చెయ్యి చక్కగానే చాపింది. మోకాళ్ళు బాగానే వంగాయి. కళ్ళు చూడండి అంటే, ముందు నా వైపు, తరవాత స్కోరు బల్ల వైపు, తరవాత పక్కన నిలబడిన పిల్ల వైపు, ఆ తరవాత రింగ్ వైపు. రింగ్ మీద చూపు వాలిందో లేదో, అప్పటికే బంతి చేతులు దాటింది. పాప అబద్ధం చెప్పలేదు. చూసే వేసింది. చూడాల్సినంతసేపు చూడలేదు, అంతే. అది నేర్పాల్సింది నేను.

ఇది ఎట్లా తెలిసిందో ఇప్పుడు చెప్తాను. కెనడాలో కాల్గరీ విశ్వవిద్యాలయంలో జోన్ వికర్స్ అనే ఆచార్యురాలు ఆటగాళ్ళ తలకు చిన్న కెమెరాల పరికరం తగిలించి, ఆడుతున్నప్పుడు చూపు ఏ క్షణాన ఎక్కడుందో నమోదు చేశారు. ఫ్రీ త్రో మీద ఆమె చేసిన పరిశోధన 1996లో వచ్చింది. అందులో ఉన్నవాళ్ళంతా బాగా ఆడే మహిళా క్రీడాకారిణులే. తేడా అల్లా కొందరు ఫ్రీ త్రోలలో మహా గట్టివాళ్ళు, కొందరు అంత గట్టివాళ్ళు కారు. ఆ గట్టివాళ్ళ చూపు, చేతులు పైకి లేవకముందే రింగ్ మీద ఒకచోట వాలింది. దాదాపు ఒక సెకను అక్కడే ఉంది. రెండో గుంపువాళ్ళ చూపు సెకనులో మూడో వంతు, అంతకన్నా కాస్త ఎక్కువ, అంతే నిలిచింది. తేడా కంట్లో అంత స్పష్టంగా దొరికింది.

ఆమె దానికి ‘క్వైట్ ఐ’ అని పేరు పెట్టారు. నేను పిల్లలకు ‘నిలిచిన చూపు’ అని చెప్తాను. దానికి ఒక కొలత ఉంది, అది తెలుసుకుంటే నేర్పడం తేలికవుతుంది. చూపు 3 డిగ్రీల మేర దాటకూడదు. కనీసం 100 మిల్లీసెకన్లు, అంటే సెకనులో పదో వంతు అక్కడే ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆఖరి కదలిక మొదలు కాకముందే అది మొదలవ్వాలి. ఫ్రీ త్రో లైన్ నుంచి బోర్డు 4.6 మీటర్లు. ఆ దూరంలో 3 డిగ్రీలంటే సుమారు 24 సెంటీమీటర్లు, అంటే బంతి అడ్డుకొలత అంత. రింగ్ అడ్డుకొలత 45 సెంటీమీటర్లు. కాబట్టి “రింగ్ చూడు” అనేది కూడా సరిపోని మాటే. రింగ్ మొత్తం చూసేవాడు నిజానికి దాని చుట్టూ తిరుగుతుంటాడు. రింగ్ మీద ఒకచోటు చూపించాలి.

మా జేజినాయన జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టల్ని తోలేవాడు. చిన్నప్పుడు నేనూ మంచె ఎక్కి రాళ్ళు విసిరేదాన్ని, ఒక్కటీ అనుకున్న చోట పడేది కాదు. ఆయన అనేవాడు, “గుంపును చూస్తే రాయి ఆకాశానికి పోతుందమ్మా, ఒక కంకిని చూడు” అని. వడిసెల తిప్పడం మొదలుపెట్టక ముందే ఆయన కన్ను ఆ కంకి మీద ఉండేది, తిప్పేటప్పుడు తిరిగేది చెయ్యి మాత్రమే. కాల్గరీ పరిశోధన గురించి చదివిన రాత్రి నాకు మొట్టమొదట కళ్ళముందు కదిలింది ఆ మంచె.

ఒక్క సెకనులో ఏం జరుగుతుందని మీరు అడగొచ్చు. విసరడం, కాల్చడం లాంటి పనులు ఒకసారి మొదలయ్యాక మధ్యలో సరిదిద్దుకునే వ్యవధి బహు తక్కువ. ఎంత బలం, ఎంత ఎత్తు, ఏ కీలు ఎప్పుడు విప్పాలి అన్న లెక్క ముందే వేసుకోవాలి. ఆ లెక్కకు కావాల్సిన దూరం, దిక్కు కంటి ద్వారానే అందాలి. చూపు ఆలస్యంగా వాలితే అరకొర లెక్కతోనే చెయ్యి బయలుదేరుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. చూపు ఒకచోట ఆగి ఉన్నంతసేపు పక్క సంగతులు లోపలికి రావు. స్కోరు ఎంత, అమ్మ వచ్చిందా, మేడం తిడుతుందా అనే ఆలోచనలకు తలుపు కన్నే.

ద్రోణుడు పెట్టిన పరీక్ష మీ అందరికీ తెలుసు. చెట్టు మీద పిట్ట, ఏం కనబడుతోందని ఒక్కొక్కణ్ణీ అడగడం, అర్జునుడు పిట్ట కన్ను తప్ప ఏమీ కనబడటం లేదనడం. ఆ కథ చెప్పుకున్నప్పుడల్లా నాకు మిగిలినవాళ్ళ మీదికి మనసు పోతుంది. కొమ్మ కనబడుతోంది, ఆకు కనబడుతోంది, అన్నదమ్ములు కనబడుతున్నారు అన్నవాళ్ళను ఆయన పక్కకు పొమ్మన్నాడు. అది పరీక్ష, పాఠం కాదు. మన గ్రౌండ్‌కు వచ్చే పిల్లల్లో చాలామంది కొమ్మా ఆకూ కనబడేవాళ్ళే. వాళ్ళను పక్కకు పంపడానికి కాదు మనకు ప్రభుత్వం జీతం ఇచ్చేది.

అయితే చూపు నిలపడం నేర్పితే వస్తుందా, పుట్టుకతోనే ఉండాలా? వికర్స్ తన సహచరుడితో కలిసి ఒక విశ్వవిద్యాలయ మహిళా జట్టుకు నేర్పి చూశారు. అది 2001లో అచ్చయింది. ఆ జట్టు ఆటల్లో వేసిన ఫ్రీ త్రోలు మొదట నూటికి 54 పడేవి. రెండు సీజన్లు గడిచేసరికి 77కు దగ్గరయ్యాయి. ఇంగ్లండ్‌లో శామ్యూల్ వైన్, మార్క్ విల్సన్ మంచి గోల్ఫ్ ఆటగాళ్ళకు ఇదే నేర్పారు. బంతిని మెల్లగా గుంటలోకి నెట్టే దెబ్బలు, ఒక రౌండుకు దాదాపు రెండు తగ్గాయి. ఎగిరే మట్టి పళ్ళేలను తుపాకీతో కొట్టే స్కీట్ ఆటగాళ్ళ మీద కూడా పనిచేసింది. అక్కడ లక్ష్యం కదులుతుంది కాబట్టి ‘నిలిచిన చూపు’ అంటే పళ్ళేన్ని ముందుగా పట్టుకుని దానితోపాటు పోవడం. నేర్పాక వాళ్ళ చూపు ఇంకా ముందే పళ్ళేన్ని అందుకుంది, ఎక్కువసేపు వదల్లేదు, తగిలినవీ పెరిగాయి.

ఇక్కడ రైఫిల్, పిస్టల్ నేర్చుకునే పిల్లలు కొందరు కనబడుతున్నారు. చేతులెత్తండి. ఆ మూలనా ఉన్నారా, మంచిది. మీ కోసం కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా, 2012లో లండన్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్, 2024లో పారిస్‌లో మను భాకర్ పతకాలు తెచ్చారు కదా, మీ ఈడు పిల్లలందరికీ ఇప్పుడు ఇదే మోజు. మీకు బాస్కెట్‌బాల్ పిల్లలకు లేని చిక్కొకటి ఉంది: చూపు ఎక్కడ నిలపాలి అన్నదే మీ మొదటి ప్రశ్న.

పిస్టల్ పట్టుకుంటే కంటి ముందు మూడు వస్తువులు వరసలో ఉంటాయి. పిస్టల్ మీద గురి చూసుకోవడానికి ఉండే వెనక సైట్, ముందు సైట్, 10 మీటర్ల అవతల టార్గెట్. కన్ను కటకం లాంటిది, ఒకేసారి ఒక్క దూరాన్నే తేటగా పట్టగలదు. మూడింట్లో రెండు మసక కాక తప్పదు. కొత్తగా వచ్చినవాళ్ళు అందరూ టార్గెట్‌నే చూస్తారు. కొట్టాల్సింది అదే కాబట్టి వాళ్ళకు అది న్యాయంగా తోస్తుంది. కానీ లెక్క వేసి చూడండి. రెండు సైట్ల మధ్య దూరం సుమారు 35 సెంటీమీటర్లు అనుకుందాం. ముందు సైట్ వెనక సైట్ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు పోతే, 10 మీటర్ల దగ్గర గుండు దాదాపు 29 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో నడిమి పది మార్కుల వృత్తం అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లే. అంటే నడిమధ్యకు పెట్టిన గుండు ఏడు మార్కుల వృత్తంలో పడుతుంది. అదే సైట్లు రెండూ వరసలో ఉండి చెయ్యి మొత్తం ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ కదిలితే, గుండు కూడా ఒక్క మిల్లీమీటరే కదులుతుంది. అది పదిలోనే ఉంటుంది. కాబట్టి చూపు నిలవాల్సింది ముందు సైట్ మీద. టార్గెట్ బూడిదరంగు మచ్చలా మసకగా ఉంటే భయపడొద్దు, అట్లాగే ఉండాలి. చెయ్యి వణుకుతోందని కంగారుపడి టార్గెట్ మీదికి చూపు దూకిస్తే, కాపాడుకోవాల్సిన వరసను గాలికి వదిలినట్టే.

మీ నిలిచిన చూపు సెకనుతో అయిపోదు, ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. అయితే పొడిగించే కొద్దీ మంచిదని అనుకోవద్దు. ఎక్కువసేపు అదే పనిగా చూస్తే బొమ్మ కంట్లో అంటుకుపోయి, సైటు జరిగినా జరగనట్టే కనబడుతుంది. ఎనిమిది, పది సెకన్లలో ట్రిగ్గర్ కదలకపోతే చెయ్యి దించేయండి. ఊపిరి తీసుకుని, దూరంగా ఏ గోడనో చెట్టునో చూసి, కంటికి విశ్రాంతి ఇచ్చి మళ్ళీ ఎత్తండి. పోటీలో 60 గుండ్లకు 75 నిమిషాలిస్తారు. దించినందుకు ఎవరూ మార్కులు కొయ్యరు. దించడానికి మనసు ఒప్పుకోక కాల్చిన గుండే పది గుండ్ల సిరీస్‌ను పాడుచేస్తుంది. నేను చూసినంతలో పిల్లలకు ఇది నేర్పడమే అన్నిటికన్నా కష్టం.

ఒక కన్ను గట్టిగా మూసుకుని గురిపెట్టడం కూడా మానుకోండి. మొహంలో కండరాలు బిగుసుకుంటాయి, తెరిచిన కంటికీ ఆ బిగువు పాకుతుంది. గురి చూడని కంటికి ఎదురుగా చిన్న తెల్లకాగితం ముక్కో, మసక ప్లాస్టిక్కో వేలాడదీసుకుని రెండు కళ్ళూ తెరిచే ఉంచండి. దాని వెడల్పు 30 మిల్లీమీటర్లు మించకుండా ఉంటే పోటీలోనూ ఒప్పుకుంటారు. పారిస్‌లో తుర్కియే ఆటగాడు యూసుఫ్ దికెచ్ అదీ లేకుండా, మామూలు కళ్ళద్దాలతో, రెండు కళ్ళూ తెరుచుకునే కాల్చి, ఆడా మగా జంటగా ఆడే మిక్స్‌డ్ టీమ్‌లో వెండి పతకం గెలిచాడు. అందరూ ఆయనలాగే చేయాలని కాదు. ముందు మీ ఏ కన్ను పెద్దరికం చేస్తుందో తెలుసుకోండి. రెండు చేతులూ చాపి, వేళ్ళు ఒకదాని మీద ఒకటి వేసి మధ్యలో చిన్న సందు ఉంచండి. ఆ సందులోంచి ఆ గోడ గడియారాన్ని చూడండి. ఇప్పుడు ఎడమకన్ను మూయండి. గడియారం ఇంకా కనబడుతోందా? అయితే కుడికన్నుది పెద్దరికం. మాయమైతే ఎడమకన్నుది. కుడిచేతి వాటం ఉండి ఎడమకన్ను పెద్దరికం చేసే పిల్లలు ఉంటారు. అది కనుక్కోకుండా ఏడాది పాటు “నీ గురి పక్కకు పోతోంది” అని తిట్టిన సందర్భాలు మనలో చాలామందికి ఉంటాయి.

ఇక బాస్కెట్‌బాల్‌కు వద్దాం. వికర్స్ దగ్గరున్న పరికరాలు మనకు లేవు. అక్కర్లేదు కూడా. రింగ్‌కు వల తగిలించే కొక్కేలు 12 ఉంటాయి. మన గ్రౌండ్లలో వల చినిగిపోయినా కొక్కేలు మిగిలే ఉంటాయి. లైన్ మీద నిలబడిన పాపకు సూటిగా ఎదురొచ్చే ముందు కొక్కేన్ని నేను నడి కొక్కెం అంటాను. అక్కడ ఎర్ర టేపు ముక్క చుట్టించాను. కొందరు కోచ్‌లు వెనకంచు చూడమంటారు, అదీ తప్పు కాదు. ముందా వెనకా అన్నదానికన్నా, ఎంచుకున్న చోటు రోజుకొకటి మారకుండా ఉండటం ముఖ్యం. నెలరోజులయ్యాక టేపు తీసేయాలి. చోటు కంటికి అలవాటై ఉంటుంది.

తరవాత వరస ఇది. రిఫరీ బంతి ఇచ్చాక, లైన్ మీద కాళ్ళు సర్దుకుని, బంతిని మెల్లగా మూడుసార్లు నేలకు కొట్టడం. ఆ సమయంలో చూపు ఎటు పోయినా నేను పట్టించుకోను. మూడో దెబ్బ తరవాత బంతి రెండు చేతుల్లోకి వచ్చి ఆగుతుంది. అక్కణ్ణుంచి తల కదలదు. చూపు నడి కొక్కేనికి పోవాలి. మనసులో “నడి… కొక్కెం” అని తాపీగా అనుకోవాలి. ఆ రెండు మాటలు అనుకోవడానికి ఒక సెకను పడుతుంది, అందుకే పెట్టాను ఆ మాటలు. సెకన్లు లెక్కపెట్టమంటే పిల్లలు లెక్క మీద పడతారు. మాట పూర్తయ్యాక “పో” అని ఆగకుండా ఒకే ఊపులో వేసేయాలి. ఇంకా చూద్దాం, ఇంకా చూద్దాం అని సాగదీసిన పిల్లలకు చేతులు బిగుసుకుపోవడం నేను చూశాను.

బంతి పైకి లేచి మొహానికి అడ్డం వచ్చినప్పుడు ఏం చేయాలి అని కోచ్‌లు అడుగుతుంటారు. వికర్స్ చూసిన గట్టి షూటర్లు ఆ క్షణంలో రింగ్ కోసం వెంపర్లాడలేదు. కావాల్సింది అప్పటికే తీసుకున్నారు కాబట్టి రెప్ప వేసినా, చూపు జారినా వాళ్ళకు నష్టం లేదు. కానీ నెదర్లాండ్స్ పరిశోధకులు జంప్ షాట్ల మీద, అంటే పైకి ఎగిరి వేసే బంతుల మీద చేసిన పనిలో ఇంకో సంగతి బయటపడింది. బంతిని తలకు పైగా ఎత్తిపట్టి వేసేవాళ్ళు బంతి కింద నుంచి ఆఖరి క్షణం దాకా రింగ్‌ను చూస్తారు, ఆ ఆఖరి చూపే వాళ్ళకు అక్కరకొస్తుంది. కాబట్టి మీ పాప ఎట్లా వేస్తుందో చూడండి. మొహం ముందు నుంచి బంతి లేపే పాపకు ముందే చూసుకోవడం నేర్పండి. తలపైనుంచి వేసే పొడుగు పిల్లలకు కడదాకా చూడమనండి. అందరికీ ఒకే మంత్రం వద్దు.

మీరు ఎక్కడ నిలబడాలో కూడా చెప్పాలి. మనం ఎప్పుడూ పక్కన నిలబడి మోచెయ్యి చూస్తాం. వారానికి రెండు రోజులు బోర్డు కింద నిలబడండి. అక్కణ్ణుంచి కళ్ళు కనబడతాయి. కళ్ళు రింగ్ మీదికి వచ్చినప్పటి నుంచి చేతులు లేచేదాకా మీరు కూడా “నడి కొక్కెం” అనుకోండి. మీ మాట పూర్తి కాకముందే బంతి లేచిందంటే పాప తొందరపడింది. ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి పాపకే చూపించండి. నేను వందసార్లు చెప్పినా నమ్మని పిల్లలు, తమ కళ్ళు అటూ ఇటూ పరుగెత్తడం తామే చూసుకుని బిత్తరపోయారు. ఆ తరవాత చెప్పాల్సిన పని ఉండదు.

నోటుపుస్తకం పెట్టండి. ఎన్ని పడ్డాయి అని మాత్రమే రాస్తే చాలదు. తప్పినవి కుడికా ఎడమకా, రింగ్‌కు అందక పొట్టా, రింగ్ దాటి పొడుగా అని రాయండి. పక్కలకు పోయేవి చాలావరకు మోచెయ్యి, మణికట్టు దోషాలు. ఒకసారి పొట్టిగా, ఒకసారి పొడుగ్గా పడుతుంటే నేను ముందు కళ్ళను అనుమానిస్తాను, దూరం లెక్క కుదరడం లేదని. మా పిల్లలందరిలోనూ ఒకేలా మార్పు రాలేదు. కొందరికి రెండు వారాల్లో వచ్చింది, కొందరికి సీజన్ పట్టింది. చెయ్యి ఇంకా కుదరని చిన్నపిల్లలకు చూపొక్కటే నేర్పితే ఏమీ రాలేదు. చెయ్యీ కన్నూ రెండూ కావాలి. ఈ పరిశోధనలు చాలావరకు చిన్న చిన్న బృందాల మీద చేసినవని కూడా గుర్తుంచుకోండి. అందుకే నేను మిమ్మల్ని నమ్మమనడం లేదు, మీ నోటుపుస్తకంలో రాసి చూసుకోమంటున్నాను.

ఒత్తిడి గురించి చెప్పకపోతే ఆ పాపకు నేను బాకీ పడతాను. ఫుట్‌బాల్ పెనాల్టీల మీద విల్సన్ బృందమే ఇంకో పని చేసింది. ఆందోళనలో ఉన్న ఆటగాడి చూపు గోల్‌కీపర్ మీదికి త్వరగా పోతుంది, ఎక్కువసేపు అక్కడే అతుక్కుంటుంది. చూపు ఎటు పోతే బంతి అటే పోయింది, కీపర్‌కు అందేంత దగ్గరికి. బెదిరినప్పుడు కన్ను బెదిరించేదాన్నే వెతుక్కుంటుంది. ఆ రోజు మా పాపకు కీపర్ లేడు. నేను ఉన్నాను. అందుకే నా వైపు చూసింది.

మంచు మీద స్కీయింగ్ చేసుకుంటూ వచ్చి రైఫిల్ కాల్చే బయాథ్లాన్ అనే ఆట ఉంది. పడుకుని కాల్చినప్పుడు 50 మీటర్ల దూరంలో 45 మిల్లీమీటర్ల టార్గెట్. వికర్స్, మార్క్ విలియమ్స్ కెనడాలో మేటి బయాథ్లాన్ షూటర్లను సైకిల్ యంత్రం మీద ఆయాసం వచ్చేదాకా తొక్కించి, సెలక్షన్‌కు లెక్కలోకి వస్తుందని చెప్పి కాల్పించారు. చాలామంది తడబడ్డారు. తడబడనివాళ్ళు, ఒత్తిడి పెరిగినప్పుడు చూపు నిలిపే సమయాన్ని ఇంకా పెంచినవాళ్ళు. గుండె దడదడలాడుతుంటే మనకు తొందరగా ముగించాలనిపిస్తుంది. వాళ్ళు దానికి ఎదురు పోయారు.

అందుకని ఫ్రీ త్రోలు ప్రాక్టీసు చివర తీరిగ్గా వేయించడం మానేయండి. కోర్టు ఆ కొస నుంచి ఈ కొసకు మూడుసార్లు పరుగెత్తించి, ఆయాసంతో లైన్ మీదికి పంపి, రెండే రెండు వేయించండి. ఆటలో వచ్చేవి రెండే కదా. మిగిలిన పిల్లల్ని చుట్టూ నిలబెట్టి కేకలు వేయమనండి. మీరు మాత్రం అరవొద్దు. ఆ పాప మీ వైపు చూసే అవసరం లేకుండా చేయడం మీ పని. తల్లిదండ్రులకూ ఇదే మనవి. మీ పిల్ల లైన్ మీద ఉన్నప్పుడు పేరు పెట్టి పిలవకండి. ఆ పిలుపు ప్రేమతోనే అని నాకు తెలుసు. కానీ ఆ సెకను ఆ బిడ్డది.

ఇంతటితో నా మాటలు ఆపుతాను. ఎవరైనా అడగాలనుకుంటే అడగండి. ఆ, చెప్పమ్మా.

(ఒక తల్లి అడిగారు: మా పాపకు కళ్ళద్దాలున్నాయి, ఆటలో పెట్టుకోనంటుంది. మీరు చెప్పినదంతా ఆమెకు కుదురుతుందా?)

మంచి మాట అడిగావు తల్లీ. రింగే మసగ్గా కనబడితే నడి కొక్కెం ఎక్కడ దొరుకుతుంది? పగలని కటకాలు వేయించి, వెనక పట్టీతో తలకు బిగించే అద్దాలు దొరుకుతాయి, అవి తీసివ్వు. కిందటి పరీక్ష ఎప్పుడు చేయించావు? రెండేళ్ళా? ఎదిగే పిల్లలకు నంబరు మారుతుంటుంది, ఏడాదికోసారైనా చూపించాలి. పాప ఏదీ, ఇక్కడికి రా నాన్నా. అద్దాలు పెట్టుకునే రా. ఈ కిటికీ దగ్గర నిలబడు. అదిగో బయట కోర్టు, ఆ కొసన బోర్డు. రింగ్‌కు ఎర్ర టేపు చుట్టాను, కనబడుతోందా? లేదా. సరే, తల్లీ, సోమవారం మొదటి పని కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపో. మిగిలినవాళ్ళు బంతులు తీసుకోండి. ఎండ తగ్గింది, కోర్టులోకి పోదాం.